టెన్త్ తర్వాత ఏ గ్రూపు? ఒక బోటనీ మాస్టారు పిల్లలతో, పేరెంట్స్‌తో మాట్లాడిన మాటలు

అందరికీ నమస్కారం అండి. హెడ్మాస్టర్ గారు అరగంట మాట్లాడమన్నారు, నేను రిటైరైన లెక్చరర్ని, మైకు ఇస్తే గంట మాట్లాడతా, కాబట్టి గడియారం మీరే చూసుకోండి.

నేను బైపీసీ ఎందుకు తీసుకున్నానో తెలుసా, డాక్టరవుదామని కాదు. టెన్త్‌లో మా సైన్స్ మాస్టారు మందార పువ్వుని బ్లేడుతో నిలువుగా కోసి టేబుల్ మీద పెట్టి గీయమన్నారు, నేను గీశాను, కేసరాలన్నీ కలిసి గొట్టంలా ఉంటాయి చూడండి, దాని మధ్యలోంచి కీలం పైకొచ్చి ఐదుగా చీలుతుంది, అదంతా పెన్సిల్‌తో వేస్తే ఆయన అది అన్ని సెక్షన్లకీ తిప్పి చూపించారు. అంతే, నాకు బొమ్మలొచ్చు కాబట్టి బైపీసీ. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఇంట్లో ఎవరికీ గ్రూపంటే ఏంటో తెలీదు. ఒక రకంగా అదే నా అదృష్టం.

ఇప్పుడలా లేదు కదా. పరీక్షలు కూడా అవ్వకముందే కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి కూర్చుంటున్నారు, ఇప్పుడు కడితే ఫీజు తగ్గిస్తాం అంటారు, వాళ్ళ దగ్గర రెండే మాటలు, ఎంపీసీ, బైపీసీ. సీఈసీ, అంటే కామర్స్, ఎకనామిక్స్, సివిక్స్ ఉందా అని అడిగి చూడండి, మీ అబ్బాయికి మార్కులు తక్కువా సార్ అంటారు. మార్కులు తక్కువొచ్చిన వాళ్ళు చదివేది ఆర్ట్స్ అని ఎవరు రాశారో, ఎక్కడ రాశారో నాకైతే కనబళ్ళా. తమాషా ఏంటంటే, మా వీధిలోనే ఇద్దరు కుర్రాళ్ళు బీటెక్ అయ్యాక హైదరాబాదు అశోక్‌నగర్లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి, అంటే గ్రూప్-1, గ్రూప్-2 సర్కారు ఉద్యోగాల పరీక్షలకి కోచింగ్ కడుతున్నారు, అక్కడ చదివేది ఏంటి, హిస్టరీ, పాలిటీ, ఎకానమీ. హెచ్‌ఈసీలో, అంటే హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్ గ్రూపులో ఉండేవి ఇవే కదండీ. ఆరేళ్ళు తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చారు.

సరే, విషయానికొస్తా. టెన్త్ దాకా ఎవరికీ ఎంచుకునే పనే లేదు, అందరికీ అవే సబ్జెక్టులు, తెలుగు ఇంగ్లీషు హిందీ లెక్కలు సైన్సు సోషలు. మొదటిసారి మీ చేతికొచ్చే నిర్ణయం ఇంటర్ గ్రూపే. ఇక్కడ అడగాల్సింది ఏ గ్రూపు గొప్పది అని కాదు, ఇది తీసుకుంటే తర్వాత ఏ దారి మూసుకుపోతుంది అని. ఇది ఇంట్లో మాట్లాడుకోరు, ఎదురింటాళ్ళ అమ్మాయి ఏం తీసుకుందో మాత్రం మాట్లాడుకుంటారు.

ఎంపీసీ చదివినవాడు తర్వాత బీకామ్‌కి వెళ్ళొచ్చు, బీఏకి వెళ్ళొచ్చు, లా కి వెళ్ళొచ్చు. సీఈసీ చదివినవాడు ఇంజనీరింగ్‌కి రాలేడు. ఆర్కిటెక్చర్ అంటే బొమ్మలు బాగా వేస్తే చాలనుకుంటారు పిల్లలు, కాదు నాన్నా, బీఆర్క్‌కి ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాల్సిందే, అప్పుడే దాని ఎంట్రన్స్ పరీక్ష నాటా రాసినా ఉపయోగం. సైన్యంలో ఆఫీసర్లని తయారుచేసే ఎన్డీఏలో ఆర్మీకి ఏ గ్రూపైనా పర్లేదు, ఎయిర్‌ఫోర్స్‌కి, నేవీకి మాత్రం ఎంపీసీ కావాలి. మెడిసిన్‌కి బయాలజీ తప్పదు, అయితే ఎంపీసీ చదివినవాళ్ళు తర్వాత బయాలజీని విడిగా ఎడిషనల్ సబ్జెక్టుగా పాసై మెడిసిన్ ఎంట్రన్స్ నీట్ రాసుకోవచ్చని 2023లో మెడికల్ కమిషన్ చెప్పింది. మన ఆంధ్రాలో 2025-26 నుంచి ఎంబైపీసీ కూడా వచ్చింది, లెక్కలూ బయాలజీ రెండూ వదలలేని వాళ్ళకి మంచిదే, కానీ రెండు బండలూ ఒక్క నెత్తి మీద పెట్టుకోవడం అది, పిల్లనడిగి చేర్చండి.

మరి బొమ్మలేసేవాడి సంగతి? బీఎఫ్‌ఏ ఉంది, ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, నాలుగేళ్ళ కోర్సు, ఏ గ్రూపైనా పర్లేదు. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో అలాంటిదే జేఎన్‌ఏఎఫ్‌ఏయూ ఉంది. ఫ్యాషన్ చదువులు చెప్పే నిఫ్ట్‌లో డిజైన్ కోర్సులకీ, డిజైన్ చదువులు చెప్పే ఎన్ఐడీకీ గ్రూపుతో పనిలేదు, చేతిలో పని ఉందా, చూసే చూపు ఉందా అని పరీక్ష పెడతారు. ఈ సంగతి చెబితే తిండి పెడుతుందా సార్ అంటారు నన్ను. బీటెక్ ఎంతమందికి పెడుతోంది అని నేనూ అడగొచ్చు, అడగను, గొడవలెందుకు.

అసలు ఈ సైన్సు వేరు ఆర్ట్ వేరు అనే గోడ దగ్గరే నాకు చిరాకు. శ్రీకాళహస్తి వెళ్ళి కలంకారీ వేసేవాళ్ళ దగ్గర కూర్చోండి ఒక పూట. ముందు గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు, కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. తుప్పుపట్టిన ఇనప ముక్కలు బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్ళు వెదురు కలంతో గుడ్డ మీద గీస్తే మొదట రంగు సరిగ్గా కనబడదు, చూస్తుండగానే గీత నల్లబడుతుంది, ఇనుమూ టానినూ కలిసి చేసిన పని అది. ఎర్రరంగు పట్టాలంటే ముందు పటిక పూయాలి. కెమిస్ట్రీ ల్యాబులో సాల్ట్ అనాలిసిస్ బట్టీ పట్టిన మా పిల్లలకి ఇది చూపిస్తే నోరెళ్ళబెట్టారు. ఆ పనివాళ్ళలో ఇంటర్ చదివినవాళ్ళు ఎంతమందున్నారో నేను అడగలేదు.

ఒకమ్మాయి సంగతి చెప్పి ముగిస్తా. నా క్లాసులో బైపీసీ, చాలా నెమ్మది. నా దగ్గరకి ప్రాక్టికల్ రికార్డులొస్తే క్లాసులో సగం రికార్డుల్లో మందార పువ్వు బొమ్మ ఒకేలా ఉండేది, రేకులు కూడా ఒకే వంపు. పిలిచి అడిగితే అందరివీ తనే వేసిందట, ఊరికే. నేనేం చేశాను, ఇంకొకళ్ళకి వెయ్యకు అని కోప్పడి సంతకం పెట్టి పంపేశాను. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర కుర్రాడిగా ఉన్న చిత్రకారుడు దామెర్ల రామారావు చేతిలో పని చూసి బొమ్మలు నేర్చుకోమని బొంబాయి పంపించాడు వందేళ్ళ కిందట, నేను మాత్రం సంతకం పెట్టాను. ఆ అమ్మాయి రెండేళ్ళు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఉండి నీట్ రాసింది, రాలేదు. ఇప్పుడు చీరలకి డిజైన్లు గీస్తోంది, బానే సంపాదిస్తోంది, ఈమధ్య బస్టాండులో కనబడి తనే పలకరించింది. అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, మీరు అడగలేదు కదా సార్ అని నవ్వింది.

అదిగో, ఆ కిటికీ పక్కన చివరి బెంచీ పాపా, ఇందాకట్నుంచీ చూస్తున్నా, నేను మాట్లాడుతుంటే నోట్‌బుక్ వెనక పేజీలో ఏదో గీస్తున్నావు. దాచకు, తిట్టనులే. పట్రా ఇటు, చూద్దాం.