ఆగి ఉన్న కారులో నా థెరపీ

నమస్కారమండి. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది మా ఇంటి ముందు ఆగి ఉన్న కారు. డ్రైవరు సీటులో నేను, ఎదురుగా స్టాండుకు తగిలించిన ఫోను. వారానికి 50 నిమిషాల చొప్పున పదకొండు వారాలు నా ఆన్‌లైన్ థెరపీ, అంటే మానసిక చికిత్స, ఇక్కడే జరిగింది. ఇంట్లో తలుపు వేసుకున్నా మాటలు బయటికి వినిపిస్తాయి. పాప చెవిన పడకూడదని కారులోకి వచ్చాను. నా భయం కూడా ఈ కారులోనే ఉందని నాకంటే ముందు థెరపిస్టు గమనించారు.

ఆరు నెలల వ్యవధిలో ఉద్యోగం మారాను, ఇల్లు మారాం, ఆపైన ఒక కూడలిలో పక్క నుంచి వచ్చిన బండి మా కారును గుద్దింది. ఎముకలేవీ విరగలేదు. "పెద్ద గండం తప్పింది" అన్నారు అందరూ. మూడు నెలలు గడిచినా, ఎక్కడైనా బ్రేకు కీచుమంటే నా చేతులు చల్లబడేవి. మా వారు బండి నడుపుతుంటే పక్కన కూర్చుని కుడికాలు నేలకేసి నొక్కుతూ ఉండేదాన్ని, అక్కడ బ్రేకు లేదని తెలిసి కూడా. ఇంత చిన్నదానికి ఇలా అయిపోయానేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులకు, అవి తెచ్చే ఒత్తిడిని బట్టి మార్కులు వేశారట. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్లికి 50. మంచి మార్పు కూడా మనసుకు బరువేనని ఆ పట్టిక చూశాకే అర్థమైంది. అప్పటి నుంచి తిట్టుకోవడం తగ్గింది.

మొదటి రోజు చిన్నప్పటి నుంచి జరిగినవన్నీ చెప్పాలని సిద్ధపడి కూర్చున్నాను. థెరపిస్టు అడిగింది వేరు. "ఈ థెరపీ పనిచేసిందని మీకు దేన్ని చూసి తెలుస్తుంది?" భయం పోవాలన్నాను. "భయం పోయిన రోజు పొద్దున్న మీరు ఏం చేస్తారు?" చాలాసేపు ఆలోచించాను. ఆ కూడలి మీదుగా పాపను నేనే బడికి దింపుతాను అన్నాను. అదే మా లక్ష్యం. ఆవిడ దాన్ని నా మాటల్లోనే రాసుకున్నారు.

తరువాత, 0 నుంచి 10 వరకు లెక్క వేస్తే ఆ లక్ష్యానికి ఎంత దగ్గరలో ఉన్నారని అడిగారు. 2 అన్నాను. "సున్నా ఎందుకు కాలేదు?" ఆ ప్రశ్నకు నా కళ్లు చెమర్చాయి. రోజూ భయంతోనే అయినా కారు ఎక్కుతూనే ఉన్నానని, అదీ లెక్కలోకి వస్తుందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ అనే థెరపిస్టు దంపతులు రూపొందించిన, సమస్య కంటే పరిష్కారం మీద దృష్టి పెట్టే పద్ధతిలో ఇలాంటి ప్రశ్నలు ఉంటాయి.

ఆపైన మెట్లు కట్టాం. మొదటి మెట్టు, ఇంజిన్ ఆపిన కారులో ఊరికే కూర్చోవడం. రెండోది, ఇంజిన్ వేసి బండి కదపకుండా ఉండటం. స్టీరింగు పట్టుకున్న వేళ్లు తెల్లబడిపోయేవి. భయం ఎంత ఉందో కొన్ని నిమిషాలకోసారి అంకెలో చెప్పమనేవారు. 8. మళ్లీ 8. 7. దిగి పారిపోకుండా ఉంటే కాసేపటికి 5. ఆ తగ్గడాన్ని నా ఒంట్లో నేనే చూసుకున్నాను. ఆఫీసు గదిలో కలిసే థెరపిస్టయితే ఆ నిమిషంలో నా పక్కన ఉండేవారు కాదు. ఆన్‌లైన్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది ఇదే. బండి కదిలే మెట్టుకు వచ్చాక మాత్రం ఫోను పెట్టేసి, మా వారిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి, ఏమైందో పుస్తకంలో రాసుకుని మరుసటి వారం చెప్పేదాన్ని. నిజంగా మారింది ఆ మధ్య రోజుల్లోనే.

పరాయి దేశంలో ఉన్నవాళ్లకు ఒక మాట. చాలా చోట్ల థెరపిస్టుకు లైసెన్సు ఉండాల్సింది మనం కూర్చున్న ప్రాంతంలో. అందుకే ముందు అది అడగండి. తెలుగు తెలిసినవారు దొరికితే వదులుకోకండి. "గుండెల్లో రాయి పడింది" అన్నప్పుడు అర్థం విడమరిచి చెప్పాల్సిన పని లేకపోవడం ఎంత ఊరటో! ప్రతిసారీ ముందుగా "ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, అవసరమైతే ఎవరికి ఫోను చేయాలి?" అని అడుగుతారు. అది మన రక్షణ కోసమే. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకండి, వెంటనే మీరున్న చోటి అత్యవసర నంబరుకు ఫోను చేయండి.

పదకొండో వారంలో, ఒక గురువారం, ఆ కూడలిలో ఎర్ర దీపం పడింది. వెనుక సీటులో పాప తన బొమ్మకు ఏదో కథ చెబుతోంది. పక్క వరుసలో ఒక పెద్ద లారీ వచ్చి ఆగింది. ఊపిరి నెమ్మదిగా వదిలాను. పచ్చ దీపం వెలిగింది. నా భయం అప్పటికీ 3 దగ్గరే ఉంది. పాప బడి గంట కంటే ముందే చేరింది.