జట్టులో ర్యాగింగ్: మయామీ ఫైన్ బుక్‌లో ఏం రాసుకున్నారు?

[స్క్రీన్‌పై: 2013 అక్టోబర్ 28. డేవీ, ఫ్లోరిడా]

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మయామీ డాల్ఫిన్స్ ట్రైనింగ్ సెంటర్, భోజనాల వేళ. జొనాథన్ మార్టిన్ ట్రే పట్టుకుని తోటి ఆటగాళ్లున్న బల్ల దగ్గరికి వచ్చాడు. ఆరడుగుల ఐదంగుళాల ఎత్తు, దాదాపు 140 కిలోల మనిషి. అతను అలా కూర్చున్నాడో లేదో, బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారే లేచి వెళ్లిపోయారు. ముందే అనుకుని చేసిన తమాషా అది. మార్టిన్ ట్రేని నేలకేసి కొట్టి బయటికి నడిచాడు. ఆ జట్టుకి మళ్లీ ఆడలేదు.

"ఇంతదానికేనా?" అన్నారు అప్పట్లో చాలామంది. పక్కనుంచి లేచిపోతే అలిగి ఉద్యోగం మానేస్తారా? అదీ గ్రౌండ్‌లో గుద్దుకోవడమే పనిగా ఉన్న మనిషి?

సరే, ఆ "ఇంతదానికే" వెనకాల ఎంత ఉందో చూద్దాం.

[గ్రాఫిక్: క్వార్టర్‌బ్యాక్ ముందు వరసగా నిలబడ్డ ఐదుగురు]

అమెరికన్ ఫుట్‌బాల్ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డంగా ఐదుగురు భారీ ఆటగాళ్లు నిలబడతారు. అదే ఆఫెన్సివ్ లైన్. పాయింట్లు తెచ్చేది వీళ్లు కాదు, పోస్టర్ల మీద కనిపించేదీ వీళ్లు కాదు. కానీ వీళ్లలో ఒక్కరు తడబడినా క్వార్టర్‌బ్యాక్ నేల కరుస్తాడు. అందుకే ఈ ఐదుగురూ కలిసే తింటారు, కలిసే తిరుగుతారు. జట్టులో వీళ్లదో చిన్న ముఠా. ఆ సీజన్ మొదట్లో ఎడమ చివర టాకిల్‌గా ఆడేది మార్టిన్. అతని పక్కనే గార్డ్‌గా రిచీ ఇన్‌కాగ్నిటో.

మార్టిన్ నల్లజాతి మూలాలున్న కుర్రాడు. అమ్మానాన్నలు హార్వర్డ్‌లో చదివారు, అతను స్టాన్‌ఫర్డ్‌లో. 2012 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, రెండో రౌండ్‌లో డాల్ఫిన్స్ అతన్ని తీసుకున్నారు. మెత్తటి మనిషి, పెద్దగా మాట్లాడడు.

ఇన్‌కాగ్నిటో 2005 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో, ఉన్న సీనియర్. 2009లో ఒక పత్రిక ఆటగాళ్లనే అడిగితే, లీగ్‌లో అందరికన్నా అడ్డదిడ్డంగా ఆడేది ఇతనే అని తేల్చారు. మయామీకి వచ్చాక మనిషి మారాడన్నారు. 2012లో స్థానిక విలేకరులు అతనికి మంచివాడని అవార్డు కూడా ఇచ్చారు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. జట్టులో ఆటగాళ్ల తరఫున మాట్లాడే లీడర్‌షిప్ కౌన్సిల్‌లో అతనూ సభ్యుడే. అంటే కొత్త కుర్రాడికి ఏదైనా ఇబ్బంది వస్తే వెళ్లి చెప్పుకోవాల్సిన పెద్దల్లో ఒకడు. కంచే చేను మేయడమంటే ఇదే.

[ఆడియో గుర్తు: వాయిస్ మెయిల్ బీప్]

2013 ఏప్రిల్‌లో ఇన్‌కాగ్నిటో మార్టిన్ ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ వదిలాడు. అందులో జాతి పేరుతో తిట్టాడు, వాళ్లమ్మను కొడతానన్నాడు, చివర్లో నిన్ను చంపుతానన్నాడు. ఈ మాటలు జట్టు దాకా వెళ్లాక, 2013 నవంబర్ 3న జట్టు అతన్ని సస్పెండ్ చేసింది.

తర్వాత టీవీ ఇంటర్వ్యూలో ఇన్‌కాగ్నిటో చెప్పిన సమాధానం వినండి. మార్టిన్ తనకు దగ్గరి స్నేహితుడని, తాము మాట్లాడుకునే తీరే అలా ఉంటుందని. ఇది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఇద్దరి మధ్య వెయ్యికి పైగా మెసేజ్‌లు నడిచాయి. కలిసి పార్టీలకు వెళ్లేవాళ్లు. మార్టిన్ కూడా అతనికి మోటు జోకులు పంపాడు.

అందుకే ఈ కేసు అంటే నాకు ఆసక్తి. దుర్మార్గుడొకడు, అమాయకుడొకడు అని గీత గీసుకుంటే సులువుగా ఉండేది. అలా లేదు.

లీగ్ విచారణ కోసం టెడ్ వెల్స్ అనే న్యాయవాదిని పెట్టింది. 2014 ఫిబ్రవరి 14న 144 పేజీల రిపోర్టు వచ్చింది. ఇన్‌కాగ్నిటోతో పాటు అదే లైన్‌లో ఆడే జాన్ జెర్రీ, మైక్ పౌన్సీ కూడా మార్టిన్‌ని వరసగా వేధించారని అందులో తేలింది. అతని చెల్లెలి గురించి బూతు మాటలు తరచూ ఉండేవి. ఆమెను వీళ్లు ఒక్కసారి కూడా కలవలేదు. మార్టిన్ ఒక్కడే కాదు, ఇంకో యువ లైన్‌మన్‌, అంటే ఆఫెన్సివ్ లైన్ ఆటగాడు, కూడా బాధితుడే. ఇంకొకరు జపాన్‌లో పుట్టిన అసిస్టెంట్ ట్రైనర్. 2012 డిసెంబర్ 7న, అంటే అమెరికా నౌకాదళ స్థావరం పెరల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన తేదీనే, ఈ ముగ్గురూ తలకు జపాన్ సూర్యుడి గుర్తున్న పట్టీలు కట్టుకుని ఆయన్ని ఏడిపించారు. ఆయన ఆటగాడు కూడా కాదు, జట్టులో ఉద్యోగి. ఎవరితో చెప్పుకుంటాడు? పైనున్న హెడ్ ట్రైనర్ ఆ జోకులకు నవ్వాడని రిపోర్టు రాసింది.

[గ్రాఫిక్: గీతల నోట్‌బుక్, అట్ట మీద "జరిమానాలు"]

ఇప్పుడు అసలు వస్తువు దగ్గరికి వద్దాం. లైన్‌మెన్‌కి ఒక ఫైన్ బుక్ ఉండేది, అంటే జరిమానాల పుస్తకం. మీటింగ్‌కి ఆలస్యమైతే ఇంత, పిచ్చి బట్టలేసుకొస్తే ఇంత అని రాసుకుంటారు, సీజన్ చివర్లో ఆ డబ్బుతో పార్టీ చేసుకుంటారు. చాలా జట్లలో ఉండేదే, మన క్రికెట్ జట్లలోనూ ఉంది. దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఈ పుస్తకం రాసేది మాత్రం ఇన్‌కాగ్నిటో.

అందులో ఆయనగారు తన పేరు మీద తనే 200 డాలర్లు జరిమానా రాసుకున్నాడు. కారణం: జేమార్ట్‌ని విరగ్గొట్టినందుకు. జేమార్ట్ అంటే మార్టిన్. మనిషి కుంగిపోయాడని తెలుసు. తెలిసి, దాన్ని పద్దు రాసుకున్నాడు.

అదే పుస్తకంలో "జూడాస్" అనే పేరుతో ఇంకో జరిమానా ఉంది. ఏసుని పట్టిచ్చిన శిష్యుడి పేరు. తోటివాళ్ల మీద పైవాళ్లకు చెప్పినవాళ్లకి ఈ జరిమానా. బూతులు తిట్టడం నవ్వులాట, బయటికి చెప్పడం ద్రోహం. రెండూ పక్కపక్కన ఒకే పుస్తకంలో, ఒకే చేతిరాతలో!

నవంబర్ 3న సస్పెన్షన్ ఖాయమని తెలియగానే ఇన్‌కాగ్నిటో చేసిన పని ఏంటంటే, ఫైన్ బుక్‌ని పొద్దున్నే నాశనం చేయమని తోటి ఆటగాడికి మెసేజ్ పెట్టడం. పుస్తకం నాశనం కాలేదు, విచారణవాళ్లకి దొరికింది. మెసేజ్ కూడా దొరికింది. అంతా సరదాయే అయితే ఆ తొందర దేనికి?

మరి మార్టిన్ ఎందుకు తిరగబడలేదు? అప్పట్లో అందరూ వేసిన ప్రశ్న ఇదే. ఒక్కటి పీకితే పోయేది కదా అన్నవాళ్లలో మాజీ ఆటగాళ్లూ ఉన్నారు. రిపోర్టులో మార్టిన్ తన అమ్మకు పంపిన మెసేజ్‌లు ఉన్నాయి. తనకు గొడవలంటే పడదని, అందరికీ నచ్చాలని తాపత్రయపడతానని, ముఖం మీదే అవమానించినా నవ్వి ఊరుకుంటానని రాసుకున్నాడు. ఇన్‌కాగ్నిటోతో చనువుగా ఉంటే ఆగుతాడేమో అనుకున్నాడు. ఆ వెయ్యి మెసేజ్‌లలో కొన్నైనా అందుకోసం పంపినవే. 2013లో రెండుసార్లు చనిపోవాలన్న ఆలోచన కూడా వచ్చిందని రిపోర్టు చెప్పింది.

[స్క్రీన్‌పై: మాట్లాడే మనిషి కావాలనిపిస్తే, భారత్‌లో టెలి మానస్ 14416, అమెరికాలో 988]

అతను నవ్వాడు కాబట్టి అతనికి బాధ లేదు అన్నది ఇన్‌కాగ్నిటో వాదన. నేను ఒప్పుకోను. ఆ గదిలో నవ్వకపోతే ఇంకో నాలుగు పడతాయి, బయటికి చెబితే జూడాస్ అవుతాడు. ఇక మిగిలింది నవ్వడమే.

దీనికి తోడు ఉద్యోగం తీరు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో సీజన్‌కి ఉండేది 53 మంది. చాలా కాంట్రాక్టులకు పూర్తి గ్యారంటీ ఉండదు, రేపు తీసేస్తే రాబోయే జీతం పోయినట్టే. "గొడవలు పెట్టుకునే రకం" అన్న ముద్ర పడితే వేరే జట్టు కూడా వెనకాడుతుంది. డాల్ఫిన్స్‌కి వేధింపులు కూడదనే పాలసీ లేక కాదు. ఉంది, ఆటగాళ్లు సంతకాలు కూడా పెట్టారు. కాగితం మీద పాలసీ, గదిలో ఫైన్ బుక్. చెల్లుబాటైంది రెండోదే.

ఇక కోచ్ సంగతి. ఆఫెన్సివ్ లైన్ కోచ్ జిమ్ టర్నర్ 2012 క్రిస్మస్‌కి తన ఆటగాళ్లందరికీ కానుకలిచ్చాడు. వేధింపులు పడుతున్న ఆ రెండో కుర్రాడికి మాత్రం గాలి ఊదే మగబొమ్మ ఇచ్చాడు. నువ్వు "అలాంటివాడివి" అని మిగతావాళ్లు ఏడిపిస్తున్నారు కదా, ఆ జోక్‌లో సారుగారు కూడా చేరారు. మార్టిన్ వెళ్లిపోయి ఆసుపత్రిలో చికిత్స తీసుకున్న తర్వాతి రోజుల్లో, ఇన్‌కాగ్నిటోని వెనకేసుకొస్తూ ఒక ప్రకటన ఇవ్వమని టర్నర్ అతనికే మెసేజ్‌లు పెట్టాడు. 2014 ఫిబ్రవరిలో టర్నర్‌నీ హెడ్ ట్రైనర్‌నీ జట్టు తీసేసింది.

[గ్రాఫిక్: 54,896 డాలర్ల హోటల్ బిల్లు]

రూకీలతో, అంటే మొదటి సీజన్ ఆడే కొత్తవాళ్లతో, సీనియర్లు పనులు చేయించుకోవడం లీగ్‌లో మామూలే. 2010లో డల్లాస్ కౌబాయ్స్ రూకీ డెజ్ బ్రయంట్ ఒక సీనియర్ ప్యాడ్లు మోయనన్నాడు. కొన్నాళ్లకు జట్టంతా వెళ్లి తిని 54,896 డాలర్ల బిల్లు అతని చేతిలో పెట్టారు. అదే ఏడాది డెన్వర్ జట్టు రూకీ టిమ్ టీబోకి తల మధ్యలో గుండు గీసి సన్యాసిలా తయారు చేశారు. టీబో కటింగ్ చూసి నేనూ నవ్వాను, దాచడం దేనికి. జుట్టు మళ్లీ మొలుస్తుంది. పైగా అది ఒక్కరోజు ముచ్చట, రూకీలందరికీ జరిగేది. మార్టిన్‌ది రెండో సీజన్ వచ్చినా ఆగలేదు. నా మటుకు తేడా అక్కడే ఉంది.

మన క్రికెట్‌లో లేదా అంటే, 2022 ఏప్రిల్‌లో యుజ్వేంద్ర చాహల్ రాజస్థాన్ రాయల్స్ వీడియోలో చెప్పిన సంగతి గుర్తుందా? 2013లో ముంబై ఇండియన్స్‌లో ఉన్నప్పుడు బెంగళూరు హోటల్లో, తాగి ఉన్న ఒక ఆటగాడు తనని 15వ అంతస్తు బాల్కనీ నుంచి వేలాడదీశాడట. చాహల్ అతని మెడ పట్టుకుని వేలాడాడు, పక్కవాళ్లు వచ్చి లాగారు, స్పృహ తప్పింది. ఆ ఆటగాడి పేరు చెప్పలేదు. నోరు విప్పడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అదీ కబుర్లలా, నవ్వుతూ. అలాంటివాణ్ణి జీవితాంతం బ్యాన్ చేయాలని రవిశాస్త్రి మండిపడ్డాడు. ఆ మాట అనడానికి బయటి మనిషి కావాల్సి వచ్చింది.

[స్క్రీన్‌పై: 2025]

ఇప్పుడు కథలో మెలిక. 2025లో మార్టిన్ ఈఎస్‌పీఎన్‌తో మాట్లాడుతూ, తనను బుల్లీ చేశారని తానెప్పుడూ అనుకోలేదన్నాడు. ఆ మాట తన చుట్టూ ఉన్నవాళ్లు అంటించిందని, ఏళ్లుగా దాన్ని సరిచేయాలని చూస్తున్నానని.

ఇది రాగానే "చూశారా, అంతా ఉత్తదే" అన్నవాళ్లున్నారు. తన జీవితానికి ఏ పేరు పెట్టుకోవాలో మార్టిన్ ఇష్టం. 140 కిలోల ఆటగాడు జీవితాంతం "ఏడిపించబడ్డ కుర్రాడు"గా మిగిలిపోవడం ఎంత నరకమో మనం ఊహించుకోవచ్చు. కానీ వాయిస్ మెసేజ్ ఉంది. తలపట్టీలున్నాయి. 200 డాలర్ల పద్దు ఉంది. జపాన్ నుంచి వచ్చిన ట్రైనర్, ఆ రెండో కుర్రాడు ఉన్నారు. మార్టిన్ మనసులో ఏముందో తేలితే తప్ప వీటికి లెక్క లేదనడం నాకు అర్థం కాదు. ఆఫీసులో మేనేజర్ ఇలాంటి పుస్తకం రాస్తే, ముందు బాధపడింది ఎవరని అడుగుతామా, పుస్తకం ఎవరిదని అడుగుతామా?

తర్వాత ఎవరేమయ్యారంటే... మార్టిన్ 2014లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకి వెళ్లి, 2015లో వెన్ను గాయంతో రిటైరయ్యాడు, అప్పటికి పాతికేళ్లే. ఇన్‌కాగ్నిటో 2015లో బఫెలో బిల్స్‌కి వచ్చి వరసగా మూడేళ్లు ప్రో బౌల్‌కి, అంటే లీగ్‌లో మేటి ఆటగాళ్ల జట్టుకి, ఎంపికయ్యాడు. కోచ్ టర్నర్ 2019లో సిన్సినాటి బెంగాల్స్‌లో మళ్లీ ఎన్‌ఎఫ్‌ఎల్ కోచ్. ఆట బాగా వస్తే తలుపులు తెరుచుకుంటాయి.

చట్టం మాటేంటి? మన దగ్గర 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, కానీ అది విద్యాసంస్థలకే. ఫ్లోరిడాలోనూ ఇదే తీరు: 2005లో తెచ్చిన హేజింగ్ (అక్కడ ర్యాగింగ్‌కి వాడే మాట) చట్టం విద్యార్థుల కోసం, జీతం తీసుకునే ఆటగాళ్ల కోసం కాదు. ప్రొఫెషనల్ జట్లలో మార్పు వస్తే ఒప్పందాల్లోంచే రావాలి. బేస్‌బాల్‌లో అలా వచ్చింది. రూకీలకు ఆడవేషం వేసి ఊరేగించే ఆచారాన్ని 2016 డిసెంబర్‌లో లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి ఆపేశాయి. కొందరు పాత ఆటగాళ్లు గొణిగారు. ఆట మాత్రం ఆగలేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. పిల్లలు కాలేజీలో స్విమ్మింగ్‌లోనో టెన్నిస్‌లోనో చేరబోతుంటే, 2024 డిసెంబర్‌లో వచ్చిన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం మీకు పనికొస్తుంది. హేజింగ్ చేసినట్టు తేలిన క్లబ్బులు, జట్ల పేర్లు కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అడ్మిషన్ ఫీజు కట్టేముందు ఆ పేజీ తెరిచి, మీవాడు చేరబోయే జట్టు పేరుందేమో చూడండి. పేజీయే దొరక్కపోతే కాలేజీకి మెయిల్ పెట్టి అడగండి.