కార్డు చేతిలో ఉంది, పేరు జాబితాలో ఉందా?

నమస్కారం. ఓటు వేయడానికి వెళ్లినవారు ఫోటో ఉన్న గుర్తింపు పత్రాన్ని చూపాలన్న నియమం గురించి ఈ ప్రసంగంలో మాట్లాడదలచాను.

ఎన్నికల విధులకు వెళ్లిన రోజుల్లో చూసిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. విశాఖలో రేవుకు దగ్గరగా ఉన్న ఒక బడిగదిలో పోలింగ్ జరుగుతోంది. డెబ్బయ్యేళ్లు దాటిన ఒక మామ్మ కొంగుముడి విప్పి, ప్లాస్టిక్ కవరులో దాచుకున్న కార్డును తీసి మొదటి పోలింగ్ అధికారి బల్ల మీద పెట్టింది. కార్డు మీది నలుపు తెలుపు ఫోటోలో నిండు ముఖంతో ఒక నడివయసు స్త్రీ ఉంది. "ఇది మీరేనా మామ్మా?" అని అడిగితే, "నేనే బాబూ, అప్పుడు పళ్లున్నాయి" అంది. అధికారి వరుస సంఖ్యనూ పేరునూ పైకి చదివాడు; అభ్యర్థుల తరఫున కూర్చున్న ఏజెంట్లు తమ కాగితాల మీద గీత పెట్టుకున్నారు; ఎవరూ అభ్యంతరం చెప్పలేదు; ఆమె వేలికి సిరా పడింది.

శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉండగా 1993లో ఫోటో కార్డులకు శ్రీకారం చుట్టేవరకు, అలా పైకి చదివిన పేరును వినే ఏజెంట్ల చెవులే దొంగ ఓటుకు ప్రధానమైన కాపలా. అందరూ అందరికీ తెలిసిన పల్లెలో ఆ కాపలా సరిపోతుంది. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, షిప్‌యార్డు ఎక్కడెక్కడివారినో తెచ్చి కలిపిన విశాఖలో, అపార్టుమెంటులో ఎదురింటివారి పేరైనా తెలియని ఈ కాలంలో, అది చాలదు. అనుమానం వస్తే 2 రూపాయలు కట్టి, వచ్చిన మనిషి ఆ ఓటరు కాదని ఛాలెంజ్ చేసే హక్కు ఏజెంటుకు 1961 నాటి నియమాల్లోనే ఉంది. ఆ 2 రూపాయలకు ఇవాళ బీచ్ రోడ్డులో గుక్కెడు టీ కూడా రాదనుకోండి; అసలు ఎన్నడూ చూడని ముఖాన్ని ఏ ఆధారంతో ఛాలెంజ్ చేయగలరు? నిజమైన ఓటరు వచ్చేసరికే అతని పేరున ఎవరో ఓటు వేసి వెళ్లిపోయి ఉంటే, అతనికి మిగిలేది టెండర్ ఓటు. దాన్ని విడిగా కవరులో పెడతారు, మామూలు లెక్కింపులో కలపరు. కాబట్టి ఫోటో అడగడాన్ని నేను అవమానంగా భావించను.

అయితే అడిగేవారు ఒకే పత్రాన్ని పట్టుకుని కూర్చోకూడదు. 2024 ఎన్నికల్లో ఓటరు కార్డు లేనివారి కోసం ఎన్నికల సంఘం 12 ప్రత్యామ్నాయ పత్రాలను అనుమతించింది. ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం, పింఛను పత్రం వంటివి వాటిలో ఉన్నాయి. ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగి రోజూ గేటు దగ్గర చూపే ఫోటో ఐడీ కార్డు కూడా చెల్లుతుంది. ఇంగ్లండులో 2023 మే నెల స్థానిక ఎన్నికల్లో ఈ నియమాన్ని మొదటిసారి అమలు చేసినప్పుడు, వృద్ధుల బస్సు పాసు చెల్లింది గాని యువకుల రైలు కార్డు చెల్లలేదు. పత్రం లేక వెనుదిరిగి, మళ్లీ రానివారు సుమారు 14,000 మంది అని అక్కడి ఎన్నికల సంఘమే లెక్క తేల్చింది. నియమం మంచిదే కావచ్చు, పత్రాల పట్టిక ఇరుకైనది.

మన దగ్గర తరచుగా వచ్చే చిక్కు ఇంటిపేరుది. పెళ్లయిన స్త్రీకి ఆధార్‌లో పుట్టింటి పేరు, ఓటరు జాబితాలో అత్తింటి పేరు ఉంటాయి. ఒకచోట పొడి అక్షరం, మరొకచోట పూర్తి పేరు ఉంటుంది. కార్డులోని చిన్న అక్షరదోషాలను, మనిషి ఎవరో తేలుతున్నంతవరకు, పట్టించుకోవద్దని సంఘం ఆదేశాలు స్పష్టంగా చెబుతున్నాయి. పొద్దుటి నుంచి ఎడతెగని క్యూను చూస్తున్న అధికారికి ఆ ఆదేశం గుర్తుండటం మీదనే చాలా ఆధారపడి ఉంటుంది.

నేను చూసినంతలో, కార్డు లేక వెనుదిరిగినవారికంటే, కార్డు పట్టుకుని వచ్చి జాబితాలో పేరు లేక వెనుదిరిగినవారే ఎక్కువ. ఓటు హక్కును ఇచ్చేది జాబితాయే. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన కార్డైనా సరే, ఆ కేంద్రం జాబితాలో పేరు ఉంటే ఓటు వేయనిస్తారు. పేరు లేకపోతే నిన్న వచ్చిన కొత్త కార్డుకైనా విలువ లేదు. గాజువాకలో అద్దెకు ఉండి మధురవాడకు మారినవారు గ్యాస్ కనెక్షను మార్చుకుంటారు, పిల్లల బడి మార్చుకుంటారు, ఓటును మాత్రం పాత వీధిలోనే వదిలేస్తారు. అక్కడి బూత్ స్థాయి అధికారి తలుపు తట్టి, ఇంట్లో లేరని రాసుకుంటే, పేరు తొలగింపు దాకా పోవచ్చు. మారిన చిరునామాకైనా, తప్పుపడిన ఇంటిపేరుకైనా నింపవలసింది 8వ నంబరు ఫారమే. పేరు అసలే లేనివారికి 6వ నంబరు. ముసాయిదా జాబితాను ప్రకటించి అభ్యంతరాలు కోరినప్పుడు పేరు చూసుకోవాలి. పోలింగ్ నాటి ఉదయం ప్రిసైడింగ్ అధికారి తలచుకున్నా ఒక్క పేరును కూడా చేర్చలేడు.