“మా ఊరికి చరిత్రేముంది” అనేవాళ్ల కోసం ఒక చెరువు కథ

మొన్న ఒక పెళ్లిలో, భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన్ని అడిగాను, మీ ఊరి సంగతులు చెప్పండి బాబాయ్ అని. ఆయన గారె తుంచుతూ, “మా ఊరికి చరిత్రేముంది బాబూ, కోట లేదు, బురుజు లేదు, ఏ రాజూ రాలేదు” అన్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకో రకం వాళ్లూ ఉంటారు, వనవాసంలో సీతారాములు మా ఊళ్లోనే ఆగారంటారు. భక్తి భక్తే, కాదనను. కానీ ఆ లెక్కన పద్నాలుగేళ్లూ వాళ్లు రోజుకో తెలుగు ఊరు తిరిగి ఉండాలి.

బాబాయ్‌ని ఇంకో మాట అడిగాను: ఊళ్లో చెరువుందా? “చెరువు లేని ఊరుంటుందా!” అన్నారు.

సరే, అయితే చరిత్ర ఉన్నట్టే. ఎలాగో చెప్తాను.

(తెర మీద: పోరుమామిళ్ల చెరువు కట్ట)

కడప జిల్లా పోరుమామిళ్ల. ఇక్కడి చెరువు దగ్గర, భైరవుడి గుడి ముందు రెండు రాతి పలకలున్నాయి. వాటి మీది శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి రాజ్యం ఏలుతూ ఈ చెరువు తవ్వించాడు. శాసనంలో ఆయన పేరు భాస్కర భవదూరుడు. ఆ ‘భవదూర’ ఏమిటా అని బుర్ర గోక్కోకండి, మన ‘బహదూర్’ సంస్కృతం కట్టుకుని వచ్చింది, అంతే.

మామూలుగా శాసనమంటే ఏముంటుంది? రాజుగారి బిరుదులు, దానం, చివర్లో శాపాలు. ఈ రాయి మీద అవి కాక చెరువు ఎలా కట్టాలో కూడా రాశారు. మంచి చెరువుకు ఉండాల్సిన అంగాలు 12, ఉండకూడని దోషాలు ఆరు అట. డబ్బూ ధర్మబుద్ధీ ఉన్న రాజు కావాలి. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు కావాలి. నేల గట్టి బంకమట్టిదై ఉండాలి. తియ్యటి నీళ్ల ఏరు కావాలి, అదీ మూడు యోజనాల దూరం నుంచి వచ్చేది. కట్టకు ఆనుకునేందుకు కొండ, దగ్గర్లో పొడుగ్గా తిన్నగా రాయి దొరికే గని, పని తెలిసిన మనుషులు. ఇలా సాగుతుంది.

నాకు మాత్రం దోషాల జాబితా అంటేనే ఇష్టం. కట్ట నుంచి నీళ్లు ఊరడం ఒక దోషం. చౌడు నేల ఇంకోటి. చెరువు మధ్యలో మిట్ట ఉండటం. నీళ్లు తక్కువై ఆయకట్టు, అంటే చెరువు కింద తడవాల్సిన పొలం, ఎక్కువ కావడం. దీనికి రివర్సు, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం. ఇక మిగిలింది, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం! 1369లో రాసిన మాటండీ ఇది. ఆ తర్వాత మన నదుల మీద ఎన్ని ట్రైబ్యునళ్లు వేసుకున్నామో నేను చెప్పక్కర్లేదు.

ఇంకో మూడు అంకెలు కూడా ఆ రాయి మీదే ఉన్నాయి. రోజూ వెయ్యి మంది కూలీలు. రాళ్లు తోలడానికి వంద బండ్లు. రెండేళ్ల పని. ఆ వెయ్యి మందిలో ఒక్కరి పేరూ లేదనుకోండి, అది వేరే బాధ. కానీ ఒక్కసారి ఊహించుకోండి. వెయ్యి మందికి రోజూ సంగటి ఎవరు వండారు? వంద బండ్లకు ఎద్దుల మేత ఎక్కడిది? రెండేళ్లు పనిచేసినవాళ్లలో కొందరైనా అక్కడే ఉండిపోయి ఉండరా? రాజు ఊరికి వచ్చాడా లేదా అనేది నాకు వీటి తర్వాతే.

ఇప్పుడు మన బాబాయ్ ఊరికి వద్దాం. ఆ చెరువుకు శాసనం లేదు. ఫర్వాలేదు, పోరుమామిళ్ల రాయినే ప్రశ్నాపత్రంలా పట్టుకుని కట్ట ఎక్కండి. నీళ్లు ఏ వాగు నుంచి వస్తాయి? పొలాలకు నీళ్లు వదిలే తూముకు వాడిన రాయి ఏ గుట్టది? చెరువు నిండితే నీళ్లు పొర్లే అలుగు ఎటు పారుతుంది? ఆయకట్టు చివరి మడికి నీళ్లు అందుతాయా, లేక నీళ్లు తక్కువ, పొలం ఎక్కువ అనే ఆ దోషమా? తూము ఎత్తి నీళ్లు వంతులవారీగా వదిలినవాళ్లెవరు? తెలంగాణలో నీరటి అంటారు, సీమలో నీరుగంటి అంటారు. దశబంధం మాన్యం అని పిలిచే పొలమేదైనా ఉందా? చెరువు తవ్వించినవాళ్లకో, బాగుచేసేవాళ్లకో ఇచ్చిన ఇనాం అది. అలాంటి పొలం ఒకటి తగిలిందంటే మీకు కథ దొరికినట్టే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

కైఫీయతులు, అంటే ఊళ్ల వివరాల రాతలు. కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి, ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరా కరణాల (ఊరి లెక్కలు రాసేవాళ్ల) దగ్గరున్న వివరాలు రాయించాడు. బొర్రయ్య 1803లోనే పోయాడు, లక్ష్మయ్య పని కొనసాగించాడు. పన్నులు, మాన్యాలు, గుళ్లు, తగాదాలు, అన్నీ ఉంటాయి వాటిలో. కడప జిల్లావి కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాళ్లు పుస్తకాలుగా వేశారు కూడా. మీ ఊరి పేరుతో వెతకండి. ఇక 1984లో కరణాల పదవులు రద్దయ్యాక ఆ ఇళ్ల అటకల మీద మిగిలిన కవిలె కట్టల (పాత లెక్కల పుస్తకాల) సంగతి... చెదలకే తెలియాలి.

ఊరి పేర్లు. ఊరి పేరు చివర ‘పాడు’ ఉంటే ఊరు ఒకప్పుడు పాడుబడిందని దయచేసి చెప్పకండి! ఊరి పేర్ల చివర వచ్చే పాడు అంటే ఊరనే అర్థం. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నేలపాడులో ఉంది, అది పాడుబడ్డ చోటా? అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది, సముద్రం మాత్రం లేదు. ఎందుకంటే అక్కడ సముద్రమంటే చెరువు. చూశారా, మళ్లీ చెరువు దగ్గరికే వచ్చాం. కండ్రిక, అగ్రహారం, పాలెం గురించి ఇంకో వీడియోలో చెప్తాను.

చివరగా ఒక్క పని. మీ ఊరి గుడి ముందు అక్షరాలున్న రాయి ఉంటే దానికి సున్నం కొట్టనివ్వకండి, పెయింటు అసలే వద్దు. ఎండ వాలాక, వెలుగు పక్క నుంచి పడేటప్పుడు ఫోటో తీయండి, గీతలు అప్పుడే తేలతాయి. ఆ ఫోటోను మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపండి. బాబాయ్ ఫోన్ నంబరు తీసుకున్నాను. ఆదివారం వాళ్ల చెరువు కట్ట మీదికి వెళ్తున్నాను.