రాసినవాడిదే కోడు
(బరంపురంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకూ, ఎదురుగా ఉన్న పిల్లలకూ నమస్కారం. నాకిచ్చిన విషయం టెక్నికల్ కో-ఫౌండర్‌ని, అంటే కంపెనీలో వాటా తీసుకుని సాఫ్ట్‌వేర్ పని చూసుకునే భాగస్వామిని, వెతుక్కోవడం.

మన బరంపురం, పర్లాకిమిడి, గుణుపురంలో ఇంజనీరింగ్ చదివిన పిల్లలు చాలామంది హైదరాబాదు, బెంగళూరు వెళ్ళిపోతున్నారు. వ్యాపారం తెలిసినవాళ్ళు ఇక్కడుండి "ఒక్క కోడర్ దొరికితే చాలు" అంటున్నారు. చాలదు. గజపతి జిల్లా జీడిపిక్కల్ని నేరుగా పలాస ఫ్యాక్టరీలకు చేర్చే యాప్ మీ ఆలోచన అనుకోండి. ముందు ఒక సీజను యాప్ లేకుండానే, ఫోనుతో, నోటుపుస్తకంతో నడపండి. 20 మంది రైతులు, ఇద్దరు కొనేవాళ్ళు చాలు. పిక్కలో తేమెంత, తూకం ఎక్కడ తగ్గింది, డబ్బు ఎన్నాళ్ళకు చేతికొచ్చింది, అన్నీ రాయండి. మంచి ఇంజనీరు ఆ పుస్తకం చూసి వస్తాడు, మీ మాటలు విని రాడు.

తరవాత అలా వచ్చిన ఇంజనీరు చేత 6 వారాలు డబ్బిచ్చి ఒక చిన్న పని చేయించి, అతన్ని గమనించండి. సిగ్నల్ లేని ఊళ్ళో యాప్ ఏమవుతుందని అడిగాడా? "ఇది ఇప్పుడే అక్కర్లేదు" అని మీకు ఎదురు చెప్పాడా? కోడు మంచిచెడ్డలు మాత్రం బయటి ఇంజనీరు చేత చూపించండి.

వాటాల లెక్క తరవాత చెప్తాను. ముందు కాగితం. వెనక వరస పిల్లలూ, ఇది వినండి.

1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కిందికే వస్తుంది. ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు యజమానిది. స్నేహితుడో కాంట్రాక్టు మనిషో రాస్తే అతనిదే. డబ్బిచ్చాం కదా అంటే కుదరదు, రాయించుకోవాలి. 19వ సెక్షను ప్రకారం బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్ళే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఏడాదిలోగా ఆ హక్కును వాడకపోతే, వేరేగా రాసుకోనప్పుడు, అదీ పోతుంది. ఈ మూడూ విడివిడిగా రాయించుకోండి. కంపెనీ రిజిస్టరు కాకముందు రాసిన కోడును కూడా పేరుపెట్టి చేర్చండి, ఎక్కువమంది మరిచేది అదే. అతను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు రాస్తున్నాడా? అతని నియామక పత్రం చదవండి. ఆ కోడు తమదేనని ఆ కంపెనీ అందులో రాసుకుని ఉండొచ్చు.

ఇక వాటా. 40 శాతం ఇస్తానన్నారనుకోండి, 4 ఏళ్ళకు పరచండి. మొదటి ఏడాది నిండితే 10 శాతం, ఆ తరవాత నెలకు ఆ 40 శాతంలో 48వ వంతు అతని చేతికి రావాలి. అలా కాక మొదటిరోజే మొత్తం రాసిచ్చేస్తే, ఏడో నెలలో వెళ్ళిపోయినవాడి దగ్గర 40 శాతం ఉండిపోతుంది. అలాంటి కంపెనీలో పెట్టుబడి పెట్టడానికి చాలామంది వెనకాడతారు.

ఇప్పటికే మొదలుపెట్టినవాళ్ళు ఇంటికెళ్ళి, డొమైనూ సర్వరూ ప్లేస్టోర్ ఖాతా ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయో ఈ రాత్రే చూసుకోండి.