పేరు లేని పద్దు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న గురువులకు, వారితో వచ్చిన అమ్మగార్లకు, 1982లో నాతోపాటు ఈ వ్యవసాయ కళాశాల మెట్లెక్కిన మిత్రులకు, వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళకు, అల్లుళ్ళకు, కోడళ్ళకు, ఇందాకటి నుంచి కుర్చీల మధ్య పరుగులు తీస్తున్న మనవలకు, మనవరాళ్ళకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవడం మన ఆనవాయితీ. ఇవాళ పేర్ల గురించే మాట్లాడాలని నిలబడ్డాను కాబట్టి ఆ పని తర్వాత చేస్తాను.

నాకిచ్చిన విషయం ‘బాపట్ల నాకేమిచ్చింది’. కాగితం మీద ఏడు అంశాలు రాసుకుని వచ్చాను. నిన్న సాయంత్రం తర్వాత అందులో ఐదు కొట్టేశాను. మిగిలిన రెండూ చెప్పగలనో లేదో తెలియదు.

నిన్న పొద్దున మావారు, అమ్మాయి, మనవరాలు, నేను విజయవాడలో బండెక్కాం. తెనాలి దాటిన దగ్గర్నుంచి నేను కిటికీ వదల్లేదు. నిడుబ్రోలు వచ్చింది, రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారి ఊరు అని చూపించాను. అప్పికట్ల వచ్చింది. ఆగస్టు నెల కదా, కాలవ నీళ్ళు వచ్చి మళ్ళు నిండుగా ఉన్నాయి. కానీ నేను వెతుకుతున్నది కనిపించలేదు. మనం చదివేటప్పుడు ఈ రోజుల్లో రైలు కిటికీలోంచి చూస్తే బారులు తీరి వంగిన నడుములు కనిపించేవి. రంగురంగుల చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ నారు ఊడ్చేవాళ్ళు. ఇప్పుడు చాలాచోట్ల విత్తనం వెదజల్లేస్తున్నారు, కొన్నిచోట్ల యంత్రం తిరుగుతోంది. వ్యవసాయ శాఖలో పనిచేసిన రోజుల్లో ఎద పెట్టడం గురించి, అంటే నారు లేకుండా నేరుగా విత్తడం గురించి, రైతులకు చెప్పినదాన్ని నేనే. ఖర్చు తగ్గుతుంది, అది నిజం. అయినా ఆ మడిలో మనుషులు లేకపోవడం చూసి గుండె కలుక్కుమంది.

మధ్యాహ్నం అమ్మాయిని తీసుకుని పొలాల వైపు వెళ్ళాను. అమ్మాయి ఉండేది డల్లాసులో. అక్కడ తెలుగువాళ్ళ కొట్లో సన్నబియ్యం బస్తా తెచ్చుకుంటుంది. పన్నెండేళ్ళుగా ఆ అన్నమే తింటోంది. గట్టు మీద కర్రకు కొట్టిన రేకు పలక చూసి అడిగింది, ‘అమ్మా, ఈ బీపీటీ అంటే ఏంటి?’ అని. ‘బాపట్ల’ అన్నాను. అది నా మొహం వంక చూసింది. ‘అంటే బీపీటీ బియ్యం అంటే ఈ ఊరి పేరా?’ అంది.

అవును తల్లీ, ఈ ఊరి పేరే.

మిత్రులారా, మన పిల్లలకు మనం ఏం చెప్పాం? సాంబ మసూరి అని దేశమంతా తినే బియ్యం, బీపీటీ 5204, ఈ పొలాల్లో పుట్టింది. దాని వంశం ఒకసారి చెబుతాను, కుర్రవాళ్ళు వినండి. 1921లో కోయంబత్తూరులో విడుదలైన జీఈబీ 24 ఒకటి, తైవాను నుంచి వచ్చిన పొట్టి రకం టీఎన్ 1 ఒకటి, మలేషియా నుంచి వచ్చిన మసూరి ఒకటి. ఎక్కడెక్కడి విత్తనాలో బాపట్లలో వియ్యమందాయి. ఆ పెళ్ళి చేసిన పెద్దమనిషి డాక్టర్ ఎం.వి. రెడ్డిగారు. 1986లో అది విడుదలైంది, అదే ఏడు మన చదువు పూర్తయింది. సోనా మసూరి అని అమెరికాలో బస్తాల మీద రాసుకుంటారే, ఆ పేరు గల అసలు రకం బీపీటీ 3291. అది కూడా ఇక్కడిదే. ఏ బస్తా మీదా బాపట్ల అన్న మూడు తెలుగు అక్షరాలు ఉండవు. మూడు ఇంగ్లీషు అక్షరాల్లో ఊరు ఇమిడిపోయింది.

వరి పువ్వు తెరుచుకునేది పొద్దున పూట, అది కూడా కాసేపే. ముందురోజు సాయంత్రమే గింజ కొన కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ సూదిమొనతో తీసేసి, కాగితం సంచి తొడిగి, మర్నాడు వేరే రకం పుప్పొడి దులపాలి. మన ప్రాక్టికల్సులో చేశాం, గుర్తుందా? నా చేతిలో ఎన్ని పూలు చిదికిపోయాయో. అలాంటి పని ఏళ్ళ తరబడి చేస్తే, వేల మొక్కల్లోంచి ఒకదాన్ని ఏరితే, మళ్ళీ నాటి, మళ్ళీ ఏరితే ఒక రకం వస్తుంది. మళ్ళీ నాటి అన్నాను చూడండి. ఎవరు నాటారు?

ఇక్కడే నా కాగితం పక్కన పెట్టేస్తున్నాను.

ఇదిగో, ఈ పుస్తకం చూడండి. 1984 సార్వా, అంటే వానాకాలం పంట, మా గుంపు సాగు ఖర్చుల పుస్తకం. ఎనిమిదిమందికి కలిపి అరెకరం ఇచ్చారు. రాసే పని నాది. అట్ట ఊడిపోయింది, చెదలు ఒక మూల తిన్నాయి, అయినా నాలుగు ఊళ్ళు మారినా పారేయలేదు. దమ్ము ఎప్పుడు చేశామో ఉంది. యూరియా, సూపర్ ఫాస్ఫేటు ఎంతెంత వేశామో ఉంది. మడిలో పెట్టిన రకం మసూరి అని ఉంది. పక్క మళ్ళలోని పలకల మీది అంకెలు కూడా అంచున రాసుకున్నాను. ఊడ్పు దగ్గర ఏముందో చదువుతాను: ‘స్త్రీలు – 6’.

అంతే. స్త్రీలు, ఆరు.

ఆ ఆరుగురిలో ఒకావిడను మనమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. పొట్టిగా, నల్లగా, ముక్కుకు ఎర్రరాయి ముక్కుపుడక. ఎడమచేతి చిటికెనవేలు వంకర. కూలీల ముఠాలో అందరికంటే ముందు దిగేది, అందరి తర్వాత గట్టెక్కేది. తరగతి మొత్తంలో ఆడపిల్లలం మేం తొమ్మిదిమందిమి, కొంగు తడవకుండా మడిలో దిగడం కూడా రాదు. చదరపు మీటరుకు 33 కుదుళ్ళు అని నోటుపుస్తకంలో రాసుకుని వెళ్ళాం. నేను మొదటి వరస ఎంతో శ్రద్ధగా ఊడ్చాను. మొక్కలు నిటారుగా నిలబడ్డాయి. పెద్దమ్మ వచ్చి చూసి, ఒక్క మాటా అనకుండా నా వరసంతా పీకేసింది. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుని బురదలోకి తీసుకెళ్ళి, నారు వేరు దగ్గర రెండు వేళ్ళు ఆనించి చెప్పింది: ‘పిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాలమ్మా, మేకు దిగ్గొట్టినట్టు కాదు.’ లోతుగా నాటితే పిలకలు తగ్గుతాయని తర్వాత పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి. ఉద్యోగంలో చేరాక వందల మంది రైతులకు అదే మాట చెప్పాను. ప్రతిసారీ ఆ రెండు వేళ్ళు గుర్తొచ్చేవి.

అసలు సంగతి ఇంకా ఉంది. మాస్టారూ, ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టండి.

ఆ ఏడు నవంబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజులు గాలీవానా. మసూరి సంగతి తెలిసిందే కదా, ఎత్తుగా పెరుగుతుంది, కాండం బలహీనం. మూడో రోజు వెళ్ళి చూస్తే అరెకరమూ చాప పరిచినట్టు పడి ఉంది. కంకులు నీళ్ళల్లో. ఇక మొలకలు వచ్చేస్తాయి, మార్కులు పోతాయి అని గట్టు మీద కూర్చుని ఏడ్చాం. మగపిల్లలూ ఏడ్చారు, ఇప్పుడు కాదనకండి. పెద్దమ్మ పని ముగించుకుని ఇంటికి పోతూ మమ్మల్ని చూసింది. తట్ట దించింది. తక్కిన వాళ్ళను కేకేసింది. మడిలో దిగి నాలుగైదు కుదుళ్ళు ఒక దగ్గరకు చేర్చి, వాటి ఆకులతోనే ముడివేసి, ఒకదానికొకటి ఆసరాగా నిలబెట్టడం మొదలుపెట్టింది. మమ్మల్ని చూసి ఒక మాటంది. ఆ మాట నలభయ్యేళ్ళుగా నాతో ఉంది.

‘ఉప్పెన్లో మనుషుల్నే ఏరి తెచ్చుకున్నాం. ఇయ్యి గడ్డిమొక్కలు. లెగండి.’

పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. ఈ బాపట్ల తీరాన్నీ వదల్లేదు. పోయినవాళ్ళు పదివేల మందికి పైనే. మనం చేరేనాటికి ఐదేళ్ళే అయింది. ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎవరిని కదిపినా లెక్క అక్కడి నుంచే. ఉప్పెన ముందు పుట్టినోడు, ఉప్పెన తర్వాత జరిగిన పెళ్ళి, ఇలా. పెద్దమ్మ ఎవర్ని పోగొట్టుకుందో మనం అడగలేదు. మన మడి లేచి నిలబడింది, మన మార్కులు మనకొచ్చాయి. ఆ సాయంత్రం పనికి కూలి ఇవ్వబోతే, ‘ఇది కూలికి చేసింది కాదు’ అని తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. అందుకే పుస్తకంలో ఆ రోజు పద్దే లేదు.

నిన్న సాయంత్రం మీరంతా పిల్లల్ని తీసుకుని సూర్యలంక సముద్రానికి వెళ్ళారు. మంచిదే, పిల్లలకు సరదా. నేను మాత్రం అమ్మాయిని వెంటపెట్టుకుని, ముఠాలు వచ్చే ఆ పేటకు వెళ్ళాను. నలభయ్యేళ్ళయింది, ఆవిడ ఉంటుందన్న ఆశ నాకు లేదు. కూతురో, మనవడో దొరికితే, ఈ పుస్తకం చూపించి, మీ పెద్దామె నాకు చదువు చెప్పిందని ఒక్క మాట చెప్పి రావాలనుకున్నాను. అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ముక్కుపుడక చెప్పాను, వంకరవేలు చెప్పాను, కాలేజీ పొలాల్లో ఊడ్పులకు వచ్చేదని చెప్పాను. ఆమె అంతా విని, ‘పేరేందమ్మా?’ అంది.

నేను చెప్పలేకపోయాను. పెద్దమ్మ అన్నాను.

‘ఇక్కడ అందరం పెద్దమ్మలమే కదమ్మా’ అంది. చిరాగ్గా అనలేదు. మంచినీళ్ళు ఇచ్చింది, కూర్చోమంది. నాలుగేళ్ళు మనకు నేర్పిన మనిషి పేరు ఒక్కరోజు కూడా మనం అడగలేదని, ఆ గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు తెలిసింది. మన చివరి ఏడాది ఫోటో అదిగో, గోడ మీద పెద్దది చేసి కట్టారు. గురువులున్నారు, మనమున్నాం, ముందు వరసలో మెస్సు కుక్కపిల్ల కూడా ఉంది. ఆవిడ లేదు. ఆ ఆరుగురిలో ఎవరూ లేరు.

ఈ ఊరికి పేర్లు నిలబెట్టుకోవడం తెలుసు. భావనారాయణస్వామి పేరు మీద భావపురి అయింది, అదే నలిగి నలిగి బాపట్ల అయింది. 1913లో ఇక్కడ జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు బి.ఎన్. శర్మగారు అధ్యక్షత వహించారని నూరేళ్ళ తర్వాత కూడా చెప్పుకుంటున్నాం. మన కాలేజీ 1945లో పెట్టారని బోర్డు మీద ఉంది.

పక్కదోవ పట్టానని కార్యదర్శిగారు చెయ్యి చూపిస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి దారికొస్తాను, ఇది కూడా దీనికి సంబంధించినదే. సముద్రం దోవలో ఇసుక నేలల్లో దొరువులు చూశారా నిన్న? ఇసుకలో గొయ్యి తవ్వితే కాస్త లోతులోనే తీపినీరు. దాని కింద ఉప్పునీరు. తీపినీరు తేలిక కాబట్టి పలచగా పైన తేలుతుంది. ఆత్రపడి ఒకచోటే లోతుగా లాగితే ఉప్పు పైకి తన్నుకొస్తుంది. అందుకే కుండలతో ముంచి, మొక్క మొక్కకీ పోసి, నారు పెంచేవాళ్ళు. తర్వాత ఇక్కడి శాస్త్రవేత్తలు ఆ సూత్రాన్నే పట్టుకుని, ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు వేసి, పై నీటిని నెమ్మదిగా ఊటబావిలోకి చేర్చే పద్ధతి తెచ్చారు. బాపట్ల పరిశోధనగా అది చాలామంది ఎరుగుదురు. ఆ సూత్రం కుండలు మోసినవాళ్ళకు ముందే తెలుసు. వాళ్ళ పేర్లు కూడా ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు.

సరే. నేను అడగడానికి వచ్చింది ఇది. రేపు పొద్దున కార్యక్రమంలో మొక్కలు నాటడం, జ్ఞాపికలు ఇచ్చుకోవడం ఉంది. మన జ్ఞాపికలు మనకెందుకు? ఇళ్ళల్లో పెట్టే చోటు కూడా లేదు. ఆ డబ్బుతో పొలం గట్టున ఒక రాయి వేయిద్దాం. రెడ్డిగారి పేరు ఉండాలి, రకాల అంకెలు ఉండాలి, ఊరి పేరు పూర్తిగా తెలుగు అక్షరాల్లో ఉండాలి. వాటి కింద నాటినవాళ్ళ పేర్లు ఉండాలి. ‘స్త్రీలు – 6’ అని చెక్కించడానికి నేను ఒప్పుకోను. పేర్లు దొరికేదాకా ఆ రాయి కింది సగం ఖాళీగా ఉంచినా సరే.

మీలో ఎవరికైనా ఆవిడ పేరు తెలుసా? చెయ్యి ఎత్తండి. మొహమాటం వద్దు. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు, అనంతపురం నుంచి వచ్చినవాళ్ళు, మీరంతా ఆవిడ చేతి కింద నేర్చుకున్నవాళ్ళే. మీ గుంపు పుస్తకాలు రాసినవాళ్ళు ఎవరు? పొలం మీద కెమెరా తెచ్చిన అబ్బాయి వచ్చాడా? ఆ రీలు ఏమైంది నాయనా? మాస్టారూ, మీరు కూలీల హాజరు మస్టరు మీద సంతకాలు పెట్టేవారు, వేలిముద్రల పక్కన పేరు రాసి ఉండేది కదా, మీకేమైనా గుర్తుకొస్తుందా?

ఎవరూ లేరా?

పోనీ, ఇప్పుడే గుర్తురావాలని లేదు. నేను రేపు రాత్రి దాకా పాత ఆడపిల్లల హాస్టలులో, మెట్ల పక్క గదిలో ఉంటాను. నిద్రలో గుర్తొచ్చినా, అర్ధరాత్రయినా, వచ్చి తలుపు కొట్టండి. పుస్తకం తెరిచే ఉంచుతాను.