అమ్మకుండానే పోయే వస్తువులు

సభలో ఉన్న పెద్దలకు, పిల్లలకు నమస్కారం. మన నల్గొండ జిల్లాలో పాత శిల్పాలు, నాణేలు ఎట్లా పోతున్నాయో చెప్పడానికి నాకిచ్చిన టైం ఇరవై నిమిషాలు. బెల్లు కొట్టేదాకా పాఠం చెప్పి చెప్పి అలవాటైనవాణ్ని, కొంచెం అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి.

ముందు పరాయి ఊరి సంగతొకటి చెప్తాను. ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్ అని ఒక పట్టణం. మన మునిసిపాలిటీ లాంటి కౌన్సిలే అక్కడ మ్యూజియం నడిపేది. అందులో సెఖెమ్కా అనే ఈజిప్టు విగ్రహం ఉండేది, నాలుగు వేల ఏళ్లు దాటినది. 2014 జూలైలో కౌన్సిలు దాన్ని వేలానికి పెట్టింది. కోటీ యాభై ఏడు లక్షల పౌండ్లు పలికింది. ఊళ్లో గొడవైంది, నిరసనలు చేశారు, చివరికి ఆ మ్యూజియానికి ఉన్న గుర్తింపు కూడా రద్దయింది.

ఈ సంగతి చెప్తే మా మిత్రుడొకాయన, “మన దగ్గర నయం సార్, మ్యూజియం వస్తువు ఎవరూ అమ్మరు” అన్నాడు. నిజమే. వందేళ్లు దాటిన శిల్పాన్నీ నాణేన్నీ మన 1972 చట్టం పురావస్తువు అంటుంది. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు, ప్రభుత్వం తప్ప ఎవరూ వాటిని దేశం దాటించకూడదు. కానీ నార్తాంప్టన్ వాళ్లకు తాము ఏం అమ్మారో తెలుసు. ఎంత ఎత్తు, ఎవరి నుంచి వచ్చింది, ఎంతకు పోయింది, అన్నిటికీ కాగితం ఉంది. మన దగ్గర పోయినదానికి, పోయిందని చెప్పే కాగితమే ఉండదు. నా బాధ అది.

పాతికేళ్ల కింద ఒక ఆఫీసులో ‘మ్యూజియం’ అని రాసిన గది ఉండేది. ఏ ఊరో, ఏ ఆఫీసో అడక్కండి. రెండు చెక్క బీరువాలు, గోడవారగా ఏడెనిమిది రాళ్లు. పిల్లల్ని తీసుకుపోయి చూపించేవాణ్ని. అందులో ఒక వీరగల్లు, అంటే కొట్లాటలో చచ్చిన వీరుడి గుర్తుగా చెక్కి నిలిపిన రాయి, నాకు బాగా గుర్తు. కుడిచేతిలో కత్తి, కాళ్ల దగ్గర ఆవు. మంద కోసం కొట్లాడి చచ్చిన ఏ ఊరి మనిషో. పక్కన తెల్ల పెయింటుతో చిన్న చదరం, దాని మీద నల్లగా నంబరు.

కొన్నేళ్ల తర్వాత మళ్లీ పోతే గది నిండా ఎలక్షన్ పెట్టెలున్నాయి. “షిఫ్ట్ చేసినం సార్” అన్నాడు అటెండరు. ఎక్కడికి? “పైవాళ్లు తీస్కపోయిన్రు.” లిస్టు రాశారా? “రాసినట్టే యాది.” వెనక్కి పోయి చూస్తే నా వీరగల్లు బోరింగు దగ్గర బోర్లా పడి ఉంది. జనం దాని మీద నిలబడి కాళ్లు కడుక్కుంటున్నారు. పక్కన గీకి చూశాను. చదరం ఉంది. నంబరులో చివరి రెండంకెలే మిగిలాయి.

ఆ నంబరు ఎందుకంత ముఖ్యమో పిల్లల కోసం చెప్తాను. మ్యూజియంలోకి వస్తువు రాగానే రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. ఏ ఊళ్లో, ఏ పొలంలో దొరికింది, ఎవరు అప్పగించారు, కొలతలేంటి, విరిగిన చోటేది, అన్నీ. అదే నంబరు వస్తువు మీద రాస్తారు. రెంటికీ మధ్య ఉన్న తాడు అదొక్కటే. అది తెగితే వీరగల్లు మామూలు రాయి అయిపోతుంది, రిజిస్టర్ చెదలకు పనికొచ్చే కాగితం అవుతుంది. రాయిని ఎవడో ఎత్తుకుపోయినా పోలీసు కంప్లయింటులో ఏమని రాస్తారు? రాయి పోయింది అనా?

రాళ్లు గట్టివి, కొంతకాలం ఓర్చుకుంటాయి. నాణేలు అట్లా కాదు. 2024లో సూర్యాపేట వైపున్న ఫణిగిరి అనే పాత బౌద్ధ క్షేత్రంలో ఒక్క కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఇక్ష్వాకు రాజులు ఈ ప్రాంతాన్ని ఏలిన కాలం నాటివి. సీసం నేలలో వందల ఏళ్లు ఉంటుంది, తెచ్చి చెక్క సొరుగులో పెడితే మాత్రం పాడవుతుంది. చెక్క నుంచి, అట్టపెట్టె నుంచి వచ్చే పుల్లటి ఆవిరి సీసాన్ని తినేస్తుంది. నేను చెప్పిన గదిలోనే, బీరువాలో, సీసపు నాణెం పెట్టిన ఒక హార్లిక్స్ బుడ్డి ఉండేది. దాని మూతలో అట్ట, అడుగున దూది. మూత తీస్తే పైన బియ్యప్పిండి లాంటి తెల్ల పొడి. వేలితో కదిపితే లోపల నాణెం అంచు కనపడింది. ఏనుగు బొమ్మో, సింహం బొమ్మో, ఇప్పుడెవరు చెప్తారు? అక్కడ దొంగెవరూ లేడు. బీరువా తలుపు మాత్రం తాళం వేసే ఉంది.

ఇంకో సంగతి. కృష్ణ ఒడ్డున మన నల్గొండ వైపు ఏలేశ్వరం అనే పాత ఊరు ఉండేది. నాగార్జునసాగర్ కడుతున్నారని హడావుడిగా తవ్వి, దొరికినవి బయటికి తెచ్చారు. 1955లో డ్యామ్‌కు శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు. ఊరు మునిగింది. వేరే ఊరి కుండపెంకు లెక్క తప్పితే మళ్లీ పోయి తవ్వుకోవచ్చు. ఏలేశ్వరం పెంకు మీది నంబరు చెరిగితే ఎక్కడికి పోతారు, సాగర్ అడుక్కా? శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిన ఊళ్లదీ అదే కథ. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, అలంపురం తెచ్చి కట్టారు. గుడికే నంబర్లు వేయగలిగిన వాళ్లం, బీరువాలో ఉన్నదానికి వేయలేమా?

2016 అక్టోబరులో మన నల్గొండ జిల్లా మూడు ముక్కలైంది. ఫణిగిరి సూర్యాపేటకు, కొలనుపాక యాదాద్రికి పోయాయి. పానగల్లు మనకే ఉంది. పాలమూరూ అట్లాగే చీలింది, అలంపురం గద్వాల వైపు పోయింది. ఫర్నిచర్ పంపకాలకైతే కుర్చీలు లెక్కబెట్టి సంతకాలు పెట్టుకున్నారు. మామూలు ప్లాస్టిక్ కుర్చీకి కూడా స్టాక్ రిజిస్టర్‌లో పేజీ ఉంటుంది, చూడండి కావాలంటే.

చేతకాక కాదు. 2023లో ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయి వచ్చాయి. అట్లా పంపేటప్పుడు పాత పగులేది, కొత్త గీతేది అని ఫొటో తీసి మరీ రాస్తారు. పరాయివాడికి అప్పిచ్చేటప్పుడున్న జాగ్రత్త, మన బీరువాలో పెట్టుకునేటప్పుడు ఉండొద్దా? ఏటా ఒకసారి రిజిస్టర్ ముందేసుకుని వస్తువులు సరిచూడటానికి కోట్లేమీ అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక ఫోను కెమెరా, వారం రోజులు చాలు.

నా చేతిలో సమాచార హక్కు దరఖాస్తు ఉంది. జిల్లా ఆఫీసుకైతే ఫీజు పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నేనడిగింది ఒక్కటే: జిల్లాలో ప్రభుత్వ ఆఫీసుల దగ్గర ఉన్న పురావస్తువుల రిజిస్టర్ కాపీ, చివరిసారి సరిచూసిన తేదీతో సహా. జిరాక్సులు ఆ చివర బల్ల మీద పెట్టించాను. డిగ్రీ పిల్లలు తలా ఒక మండలం పంచుకోండి. మీ ఊళ్లో బోరింగు కింద, రచ్చబండ కింద చెక్కిన రాళ్లు కనపడితే కడిగి, పక్కన తెల్ల చదరం ఉందేమో చూడండి. ఉంటే అంకెలు చెరిగిపోకముందే ఫొటో తీసి నాకు పంపండి.